టీవీఎస్ విడిభాగాల వెనుక ఉన్న కుటుంబం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మోటారు వాహనాల విడిభాగాల పరిశ్రమ గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే కుటుంబం చుట్టూ తిరిగాయి. అందువల్ల ఈసారి వాటినే ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి కాలం నుంచి లారీల విడిభాగాల దుకాణం నడుపుతున్నాం. సెల్ఫ్ మోటారు డబ్బా మీద లూకాస్ టీవీఎస్ అని, బ్రేకు సామాను మీద బ్రేక్స్ ఇండియా అని, బోల్టుల పెట్టె మీద సుందరం ఫాస్టెనర్స్ అని, చక్రాల మీద వీల్స్ ఇండియా అని ఉంటుంది. నాన్నగారు మాత్రం అన్నింటినీ కలిపి ‘టీవీఎస్ సరుకు’ అనేవారు. ఇవన్నీ ఒకే కంపెనీవా? అసలు ఇవి ఎలా మొదలయ్యాయి?

జవాబు: మీ నాన్నగారి మాటలో తప్పు లేదు. అయితే ఇవి ఏనాడూ ఒకే కంపెనీ కావు. ఒకే కుటుంబం, కొన్నేళ్ల వ్యవధిలో, ఒక్కో విడిభాగానికి ఒక్కో కంపెనీ చొప్పున పెట్టుకుంటూ వచ్చింది. ఆ కుటుంబానికి మూలపురుషుడు టి.వి. సుందరం అయ్యంగార్. ఆయన 1877లో తిరునల్వేలి ప్రాంతంలోని తిరుక్కురుంగుడిలో పుట్టారు. కొంతకాలం న్యాయవాదిగా, ఆ తర్వాత రైల్వేలోనూ బ్యాంకులోనూ ఉద్యోగిగా పనిచేసి, చివరికి జీతాన్ని వదులుకుని మదురైలో సొంత సంస్థ పెట్టుకున్నారు. 1912లో బస్సు సర్వీసు ప్రారంభించారు. దక్షిణ భారతంలో మోటారు రవాణాకు పునాది పడింది అక్కడేనని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

ఈ కథ కర్మాగారంలో కాక బస్సు షెడ్డులో మొదలైందన్నది నా దృష్టిలో చాలా ముఖ్యమైన సంగతి. తర్వాతి యాభై ఏళ్లలో జరిగినదంతా దాని నుంచే వచ్చింది. ఆ రోజుల్లో బండి విదేశం నుంచి వచ్చేది, దానికి కావలసిన ప్రతి చిన్న వస్తువూ ఓడలోనే రావాలి. ఒక బేరింగు పోయినా, ఒక స్ప్రింగు విరిగినా ఆ బస్సు షెడ్డులో నిలబడిపోయేది, టికెట్టు డబ్బులు ఆగిపోయేవి. అందువల్ల బస్సు నడిపేవాడికి మరమ్మతు పని రావడం తప్పనిసరి అయింది. ఏ భాగం ఎన్ని మైళ్లకు అరుగుతుందో, ఎక్కడ ముందుగా విరుగుతుందో పుస్తకం చదివి కాక, చేతికి గ్రీజు అంటించుకుని తెలుసుకున్నారు. బస్సు కంటే ముందు అయస్కాంతం కట్టిన బండిని పంపి, ఎడ్ల నాడాల నుంచి ఊడి రోడ్డు మీద పడిన మేకులను ఏరించేవారన్నది ఆ సంస్థ గురించి తరచుగా చెప్పుకునే ముచ్చట. టైరు ఖరీదు తెలిసినవాడికే అలాంటి ఆలోచన వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు రాష్ట్రంలో పెట్రోలుకు తీవ్రమైన కరువు వచ్చినప్పుడు ఈ అనుభవం మరో మెట్టు ఎక్కింది. సుందరం అయ్యంగార్ తన వర్క్‌షాపులో ‘టీవీఎస్ గ్యాస్ ప్లాంట్’ అనే పరికరాన్ని తయారు చేయించారు. ఇలాంటి పరికరాల సూత్రం సులువుగానే అర్థమవుతుంది. కట్టెబొగ్గును గాలి చాలినంతగా అందకుండా మండిస్తే అది పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ వాయువును వదులుతుంది. ఆ వాయువును చల్లార్చి, మసినీ బూడిదనూ వడగట్టి, ఇంజనులోకి పంపితే పెట్రోలు ఆవిరి స్థానంలో అదే మండి బండిని నడుపుతుంది. బలం బాగా తగ్గుతుంది, ఎత్తు ఎక్కడం కష్టమవుతుంది. వడపోత సరిగ్గా లేకపోతే బూడిద సిలిండరు గోడలను గీసి పాడుచేస్తుంది. అందుకే ఇందులో అసలు పనితనం బొగ్గు మండించడంలో కంటే వడపోతలో ఉంది. బండ్లను కొని నడిపే కుటుంబం బండికి కావలసిన వస్తువును తానే తయారు చేయడానికి సిద్ధపడిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. అరిగిన టైర్లకు కొత్త రబ్బరు అతికే రీట్రెడింగ్ కర్మాగారం కూడా ఆయన పెట్టినదే.

ఇక 1950ల సంగతి. అప్పటికి ఈ కుటుంబానికి చెందిన సుందరం మోటార్స్ జనరల్ మోటార్స్ వాహనాలకు పెద్ద పంపిణీదారు. అయితే విదేశాల నుంచి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే పద్ధతిని ప్రభుత్వం ఇక సాగనివ్వదలచుకోలేదు. భాగాలను దేశంలోనే తయారు చేసే పథకం ఉన్న సంస్థలకే అనుమతి అని 1953లో తేల్చి చెప్పింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ ఇక్కడి అసెంబ్లీ కర్మాగారాలను మూసేసి వెళ్లిపోయాయి. వ్యాపారంలో ఇంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఇంకో డీలర్‌షిప్ వెతుక్కోవడం సహజం. ఈ కుటుంబం దానితో ఆగలేదు. దేశంలోనే లారీలూ కార్లూ తయారవుతాయంటే వాటికి వేల రకాల భాగాలు కావాలి కదా అన్న వైపు చూసింది. 1955లో సుందరం అయ్యంగార్ కన్నుమూసేనాటికి కొడుకులు వ్యాపారాన్ని చేతుల్లోకి తీసుకుని ఉన్నారు. 1960లో వీల్స్ ఇండియా, 1961లో లూకాస్ టీవీఎస్, 1962లో బ్రేక్స్ ఇండియా, సుందరం క్లేటన్, సుందరం ఫాస్టెనర్స్ వరుసగా వెలిశాయి. చెన్నైలోని పాడి ప్రాంతం వీటికి కేంద్రమైంది. మీ దుకాణంలోని డబ్బాల మీద ఉన్న పేర్లన్నీ దాదాపు ఆ మూడేళ్లలో పుట్టినవే.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొడుకుల్లో ఒకరైన టి.ఎస్. సంతానం 1954లోనే రెండు లక్షల రూపాయల మూలధనంతో సుందరం ఫైనాన్స్ ప్రారంభించారు. లారీ కొనదలచుకున్న డ్రైవరుకు బ్యాంకు అప్పు దొరకని కాలమది. అతనికి వాయిదాల మీద లారీ చేతికి వస్తే రోడ్డు మీద లారీలు పెరుగుతాయి, లారీలు పెరిగితే విడిభాగాలకు గిరాకీ పెరుగుతుంది. విడిభాగాల చరిత్రలో అప్పు ఇచ్చే కంపెనీని పక్కన పెడితే కథ సగమే చెప్పినట్టు.

ప్రశ్న: బస్సులు నడిపినంత మాత్రాన బ్రేకులూ స్టార్టర్ మోటార్లూ తయారు చేయడం వచ్చేస్తుందా? ఆ పరిజ్ఞానం ఎక్కడిది? అన్నింటికీ ఒకే పెద్ద కంపెనీ పెట్టకుండా ఎందుకు ఇలా విడగొట్టారు?

జవాబు: రాదు. ఏ భాగం ఎలా ఉండాలో తెలియడం వేరు, దాన్ని వేల సంఖ్యలో ఒకే కొలతతో చేయడం వేరు. ఆ రెండో విద్య బ్రిటిష్ కంపెనీల నుంచి వచ్చింది. బండి ఎలక్ట్రికల్ సామానుకు లూకాస్, హైడ్రాలిక్ బ్రేకులకు ఆ లూకాస్ వర్గానికే చెందిన గర్లింగ్, ఎయిర్ బ్రేకులకు క్లేటన్ డివాండ్రే భాగస్వాములయ్యాయి. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చాలావరకు దొరుకుతుంది. ప్రతి విదేశీ భాగస్వామికీ తన పరిజ్ఞానం ఉన్న కంపెనీలోనే వాటా ఉండాలి, పక్క కంపెనీ లాభనష్టాలతో దానికి పని లేదు. కాబట్టి ఒక్కో భాగానికి ఒక్కో కంపెనీ అనే ఏర్పాటు ఇద్దరికీ కుదిరింది. కుటుంబంలోనూ అది కుదిరింది. ఒక్కో శాఖవారు ఒక్కో కర్మాగారం బాధ్యత తీసుకున్నారు. పైన మాత్రం టి.వి. సుందరం అయ్యంగార్ అండ్ సన్స్ అనే మాతృసంస్థలో అన్ని శాఖలకూ వాటాలు ఉండేవి.

భాగస్వామ్యాలు ఎల్లకాలం నిలవలేదు. సుందరం క్లేటన్ బ్రేకుల విభాగం వేరుపడి, వాబ్కో అనే విదేశీ కంపెనీ భాగస్వామిగా వాబ్కో టీవీఎస్‌గా మారింది. 2009లో కుటుంబం అందులోంచి బయటికి వచ్చింది, ఇప్పుడు అది జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ చేతిలో ఉంది. బ్రేక్స్ ఇండియాలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. పాత లూకాస్ వాటా చేతులు మారుతూ అదే జెడ్ఎఫ్‌కు చేరగా, దాన్ని సంతానం గారి శాఖ కొనేసింది. మీరు లారీకి ఎయిర్ బ్రేకు భాగం అడిగినప్పుడు డబ్బా మీద టీవీఎస్ అన్న మాట ఇప్పుడు కనిపించకపోవడానికి కారణం వాబ్కో టీవీఎస్ నుంచి కుటుంబం తప్పుకోవడమే.

వీళ్లు మొదలుపెట్టిన బస్సు వ్యాపారం మాత్రం చేజారింది. 1970ల మొదట్లో తమిళనాడు ప్రభుత్వం ప్రైవేటు బస్సులను జాతీయం చేసినప్పుడు వీరి బస్సులు మదురై కేంద్రంగా ఏర్పడిన పాండ్యన్ రోడ్‌వేస్‌కు వెళ్లాయి. అప్పటికే పాడిలో కర్మాగారాలు నిలదొక్కుకుని ఉండకపోతే ఈ కుటుంబం పేరు మనకు ఇంతగా వినిపించేది కాదేమో.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాను. ‘రేడియేటర్ మూతలు అమెరికాకు అమ్మి పేరు తెచ్చుకున్న కంపెనీ’ అని మా లెక్చరర్ సుందరం ఫాస్టెనర్స్ గురించి చెప్పారు. ఒక మూత అమ్మడంలో అంత గొప్ప ఏముంది? డెమింగ్ బహుమతి గురించి కూడా వివరించగలరు.

జవాబు: మూతే కదా అనిపించడం సహజం. ముందు దాని పని చూడండి. మామూలు గాలి ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఇంజను చుట్టూ తిరిగే నీరు మరిగి ఆవిరైతే ఇంజను కాలిపోతుంది. రేడియేటర్ మూతలో ఉన్న స్ప్రింగు వాల్వు లోపలి ఒత్తిడిని బయటి గాలి ఒత్తిడి కంటే దాదాపు ఒక బార్ (ఒత్తిడి కొలమానం) ఎక్కువ వరకు పెరగనిస్తుంది. ఆ ఒత్తిడిలో నీరు మరగాలంటే 120 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఒత్తిడి అంతకు మించితే వాల్వు తెరుచుకుని నీటిని పక్క డబ్బాలోకి వదులుతుంది. ఇంజను చల్లారి లోపల ఒత్తిడి పడిపోయినప్పుడు మరో చిన్న వాల్వు తెరుచుకుని, వెళ్లిన నీటిని వెనక్కి రానిస్తుంది. స్ప్రింగు కాస్త మెత్తబడినా బండి మరుగుతుంది, కాస్త గట్టిపడినా గొట్టాలు పగులుతాయి. లక్షల మూతల్లో ప్రతి ఒక్కటీ అదే ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి. చేసేవాడి నేర్పు అక్కడ తెలుస్తుంది.

1990ల మొదట్లో జనరల్ మోటార్స్ తన రేడియేటర్ మూతల తయారీ యంత్రాలను వదులుకోబోతున్నప్పుడు, సుందరం ఫాస్టెనర్స్ వాటిని కొని మద్రాసుకు తరలించి, తిరిగి ఆ జనరల్ మోటార్స్‌కే మూతలు సరఫరా చేయడం మొదలుపెట్టింది. అప్పటి సారథి సుందరం అయ్యంగార్ మనుమడు సురేశ్ కృష్ణ. తాత కాలంలో ఆ అమెరికా కంపెనీ బండ్లను ఇక్కడ అమ్మిన కుటుంబం మనుమడి కాలంలో ఆ కంపెనీకే భాగాలు అమ్మింది. ఏడాదికి ఒకసారి మెరుగైన సరఫరాదారులను ఎంచి గౌరవించే జనరల్ మోటార్స్ పురస్కారం కూడా వీరికి ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఆర్థిక సరళీకరణ ద్వారాలు తెరిచిన తొలి రోజుల్లో, భారతీయ సరుకు నాసిరకం అన్న మాట విదేశాల్లో బలంగా ఉన్నప్పుడు, ఇది మూతల వ్యాపారాన్ని మించిన విజయం. అంతకు ముందే, 1990లో, ఐఎస్ఓ నాణ్యతా ధ్రువపత్రం పొందిన తొలి భారతీయ కంపెనీగా ఆ సంస్థకు పేరుంది.

ఈ కంపెనీ అసలు సరుకు బోల్టు. మీరు వర్క్‌షాపులో బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకెలు చూసి ఉంటారు. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే ఆ ఉక్కు ఎన్ని మెగాపాస్కల్స్ (లాగుడు బలానికి కొలమానం) వరకు తెగకుండా తట్టుకోవాలో తెలుస్తుంది. చుక్క తర్వాతి అంకె అందులో ఎన్ని పదో వంతుల వరకు బోల్టు శాశ్వతంగా సాగకుండా ఉంటుందో చెబుతుంది. అంటే 10.9 బోల్టు 1000 మెగాపాస్కల్స్ తట్టుకోవాలి, 900 దాకా సాగకూడదు. తీగను చల్లగా ఉండగానే అచ్చులో నొక్కి తల పెట్టడం, త్రెడ్డును కోయకుండా దొర్లించి నొక్కడం, ఆ తర్వాత కొలిమిలో వేడిచేసి చల్లార్చి మళ్లీ తగుమాత్రం వేడిచేయడం అనే మూడు పనుల్లో ఏ ఒక్కటి గాడి తప్పినా తల మీది అంకె అబద్ధమవుతుంది. కనెక్టింగ్ రాడ్ బోల్టు అబద్ధమైతే ఇంజను బద్దలవుతుంది. అందుకే విడిభాగాల దుకాణంలో చవకగా దొరికే పేరులేని బోల్టును ఇంజనులో వాడవద్దని చదువుకున్న ప్రతి మెకానిక్కూ చెప్పాలి.

ఇక డెమింగ్ బహుమతి. జపాన్ శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల సంఘం 1951 నుంచి ఇస్తున్న ఈ బహుమతి, తయారైన వస్తువు ఎంత బాగుందో చూసి ఇచ్చేది కాదు. లోపాన్ని చివర్లో ఏరిపారేయకుండా అది పుట్టే చోటే ఆపే పద్ధతి, గేటు దగ్గరి కాపలాదారు మొదలు మేనేజింగ్ డైరెక్టరు దాకా అందరికీ అలవాటైందా అని పరీక్షకులు కర్మాగారానికి వచ్చి చూస్తారు. 1998లో సుందరం క్లేటన్ బ్రేకుల విభాగం ఈ బహుమతి పొందిన తొలి భారతీయ సంస్థ అయింది. సుందరం అయ్యంగార్ మరో మనుమడు వేణు శ్రీనివాసన్ దానికి నాయకత్వం వహించారు. ఆ తర్వాత 2001లో సుందరం బ్రేక్ లైనింగ్స్, 2002లో టీవీఎస్ మోటార్, 2003లో బ్రేక్స్ ఇండియా పోతపని విభాగం, 2004లో లూకాస్ టీవీఎస్ అందుకున్నాయి. ఒకే కుటుంబంలోని వేర్వేరు శాఖలు, వేర్వేరు యాజమాన్యాల కింద ఉన్న కర్మాగారాలు, ఏడేళ్లలో వరుసగా ఒకే కఠినమైన పరీక్షకు కూర్చుని నెగ్గాయి. ఈ కుటుంబ చరిత్రలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే. సైకిలు కొట్టు పక్కన నిలబడే పేదవాడి బండి అయిన టీవీఎస్ 50 మోపెడ్ 1980లో వచ్చి ఇంటింటికీ ఈ పేరును మోసుకుపోయిన మాట నిజమే. కానీ పరిశ్రమలో ఈ పేరుకు విలువ తెచ్చింది మనకు కనిపించని ఈ భాగాలే.

ప్రశ్న: ఇన్ని కంపెనీల్లో ఆడపిల్లలకు చోటు ఉందా? ఎప్పుడూ కొడుకులూ మనుమల పేర్లే వినిపిస్తాయి.

జవాబు: రెండు తరాల వరకు మీరన్నది నిజం. కర్మాగారాల బాధ్యత కొడుకులకూ మనుమలకూ వెళ్లింది. సుందరం అయ్యంగార్ కుమార్తె సౌందరం చిన్న వయసులోనే భర్తను కోల్పోయి, వైద్యవిద్య చదివి, గాంధేయవాది జి. రామచంద్రన్‌ను వివాహం చేసుకుని, 1947లో గాంధీగ్రామ్ అనే గ్రామీణ సేవా సంస్థను స్థాపించారు. ఆ తర్వాత కేంద్రంలో విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేశారు. కుటుంబంలో అంతటి సమర్థురాలు ఉండి కూడా ఆమె కార్యరంగం వ్యాపారం బయటే సాగింది. ఇప్పుడు పరిస్థితి మారింది. సుందరం ఫాస్టెనర్స్‌ను సురేశ్ కృష్ణ కుమార్తెలు ఆరతి కృష్ణ, అరుంధతి కృష్ణ నడుపుతున్నారు. సుందరం క్లేటన్ బాధ్యత వేణు శ్రీనివాసన్ కుమార్తె లక్ష్మీ వేణుది.

ప్రశ్న: 2022లో టీవీఎస్ కుటుంబం విడిపోయిందని పత్రికల్లో చదివాను. అంబానీల మాదిరిగా గొడవ పడి విడిపోయారా?

జవాబు: కోర్టుల చుట్టూ తిరిగిన తగాదా కాదు. మొదటే చెప్పినట్టు, కర్మాగారాలను ఏ శాఖ నడుపుతున్నదీ దశాబ్దాల కిందటే స్థిరపడిపోయింది. కాగితం మీద మాత్రం మాతృసంస్థ వాటాల ద్వారా అందరి సొత్తూ అందరిలో కలిసి ఉంది. నాలుగో తరం వచ్చేసరికి వాటాదారుల సంఖ్య పెరిగింది. తాను నడపని కంపెనీలో వాటా, తాను నడిపే కంపెనీలో ఇతరుల వాటా ఉన్నప్పుడు పెద్ద పెట్టుబడి పెట్టాలన్నా, అమ్మాలన్నా నిర్ణయం కష్టమవుతుంది. 2020 డిసెంబరులో శాఖలన్నీ ఒప్పందానికి వచ్చి, ఎవరు నడుపుతున్న కంపెనీ వారికే చెందేలా వాటాలు సర్దుకున్నాయి. జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్ ఆమోదం తర్వాత 2022 ఫిబ్రవరిలో అది అమలైంది. టీవీఎస్ మోటార్, సుందరం క్లేటన్ వేణు శ్రీనివాసన్ కుటుంబానికి, సుందరం ఫాస్టెనర్స్ సురేశ్ కృష్ణ కుటుంబానికి, వీల్స్ ఇండియా, బ్రేక్స్ ఇండియా సంతానం గారి శాఖకు వెళ్లాయి.

నన్నడిగితే మన ప్రాంతంలోని కుటుంబ వ్యాపారాలు ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చూడాలి. ముందు పని పంచుకుని, ఆ పని ఎవరికి అబ్బిందో తేలిన చాలా ఏళ్లకు గానీ ఆస్తి పంచుకోలేదు. చాలా ఇళ్లలో ముందు ఆస్తి పంచుకుంటారు, పని ఎవరు చేయాలన్నది తర్వాత తగాదా అవుతుంది.

ప్రశ్న: కరెంటు బండ్లు వస్తే సెల్ఫ్ మోటార్లకూ రేడియేటర్ మూతలకూ గిరాకీ పోతుంది కదా. ఈ కంపెనీల గతి ఏమిటి?

జవాబు: సెల్ఫ్ మోటారు విషయంలో మీ అనుమానం సరైనదే. ఇంజనే లేని బండికి దాన్ని తిప్పి లేపే మోటారుతో పని లేదు, ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుతోనూ పని లేదు. చక్రాలూ బ్రేకులూ వైపర్ మోటార్లూ బోల్టులూ మాత్రం ఏ బండికైనా కావాలి. బ్రేకుల దగ్గర ఒక మార్పు ఉంది: కరెంటు బండి వేగం తగ్గేటప్పుడు దాని మోటారే జనరేటరులా మారి బ్యాటరీని నింపుతుంది కాబట్టి, బ్రేకు లైనింగులు నెమ్మదిగా అరుగుతాయి, మార్చుకోవడానికి వచ్చే గిరాకీ తగ్గుతుంది. మూతల సంగతి అంత సులువుగా తేలదు. కార్లలోనూ పెద్ద వాహనాల్లోనూ బ్యాటరీలను చల్లబరచడానికి చాలావరకు నీటి లాంటి ద్రవాన్నే తిప్పుతున్నారు, దానికీ డబ్బా, ఆ డబ్బాకు ఒత్తిడి కాచే మూతా అవసరమవుతాయి. టీవీఎస్ మోటార్ 2020 జనవరిలోనే ఐక్యూబ్ అనే కరెంటు స్కూటరును విడుదల చేసింది కాబట్టి, రాబోయే మార్పును చూడనట్టు కూర్చున్న కుటుంబం కాదని చెప్పవచ్చు. ఎక్కువ జాగ్రత్త పడవలసింది స్టార్టర్లూ ఆల్టర్నేటర్ల మీద బతికే కర్మాగారాలు. వాటికి వైండింగు (మోటారుకు తీగ చుట్టే) పనిలో ఉన్న నేర్పు బండిని నడిపే మోటార్ల తయారీకి కూడా పనికివస్తుంది.